నిలబడి పనిచేసేవారి కోసం

లోకంలో కొందరు నిలబడి పనిచేస్తారన్న సంగతిని 1999 ఆగస్టులో మాదాపూర్‌లోని మా కంపెనీ కనుగొన్నదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను.

అమెరికాలో ఒక ఆసుపత్రి నర్సుల కోసం కొత్తరకం లాప్‌టాప్ తయారవుతోంది. తెరను తిప్పి మడిస్తే కీబోర్డు కిందికి పోయి, యంత్రం పలకలా చేతిలోకి వస్తుంది. నర్సు దాన్ని ఎడమచేత్తో పట్టుకుని మంచం మంచానికీ తిరగాలి. అప్పుడు తెరమీద ఏ బటన్ ఎక్కడుండాలో తేల్చే పని మాకు అప్పగించారు. పన్నెండుమందిమి మెత్తటి కుర్చీల్లో కూర్చుని మూడు వారాలు ఆలోచించాం. సమావేశాల మినిట్స్ రాసేవాణ్ణి నేను.

ముఖ్యమైన బటన్ నడిమధ్యన ఉండాలన్నారు మేనేజరు రామబ్రహ్మంగారు. ఏ వేదికమీదైనా ముఖ్యులు కూర్చునేది అక్కడే కదా. క్యాన్సిల్ బటన్‌ను మాత్రం కుడివైపు పైమూలకు పంపారు. క్రమశిక్షణగల నర్సుకు దానితో పనుండదని ఆయన నమ్మకం. అందరం ఏకగ్రీవంగా ఆమోదించాం.

ఇంతలో నమూనా యంత్రం వచ్చింది. బరువు రెండు కిలోల పైమాటే. పది రోజుల్లో ఆసుపత్రివారి ప్రతినిధి వస్తాడని, ఆయనకు నచ్చకపోతే పని బెంగళూరుకు పోతుందని కూడా కబురొచ్చింది. మా అందరిలోకీ చిన్నదైన కర్నూలు అమ్మాయి నాగమణి ఆ యంత్రాన్ని పట్టుకుని నిలబడింది. అంతవరకూ ఆ ఆలోచన ఎవరికీ రాలేదు. నడిమధ్య బటన్‌కు ఆమె బొటనవేలు అందలేదు. నాలుగు నిమిషాల్లో చెయ్యి లాగడం మొదలైంది.

"కూర్చుని చూడండమ్మా, హాయిగా ఉంటుంది" అన్నారు రామబ్రహ్మంగారు.

నాగమణి యంత్రం తీసుకుని గేటు దగ్గరికి వెళ్లింది. బోరబండ నుంచి వచ్చే సెక్యూరిటీ గార్డు కిష్టయ్య అక్కడ రోజుకు పన్నెండు గంటలు నిలబడి ఉంటాడు. సందర్శకుల రిజిస్టరు ఎడమ ముంజేతిమీద ఉంటుంది, కుడిచేత్తో గేటు తీస్తాడు.

"కిష్టయ్యన్నా, దీన్ని కొంచెం పట్టుకోని చూడు. ఎట్లుందో చెప్పు."

కిష్టయ్య రిజిస్టరు పక్కన పెట్టి యంత్రాన్ని అలవాటుగా ముంజేతిమీదికి తీసుకున్నాడు.

"బరువున్నది మేడం. గీ బటన్లు నడిమిట్ల వెట్టిన్రేంది? బొటనేలు ఈడుంటది గద. పట్టుకున్న తాననే ఉండాలె."

"క్యాన్సిల్ కూడానా?"

"అది ముందుగాల ఉండాలె. నిలవడి నిలవడి పరేషాన్ అయినోడే తప్పు ఒత్తుతడు."

నాగమణి ఆ రాత్రే బటన్లన్నిటినీ ఎడమ అంచుకు, బొటనవేలు తిరిగేంత మేరలోకి జరిపింది. ప్రతినిధి వచ్చాడు, పట్టుకున్నాడు, మెచ్చుకున్నాడు. పని మాకే దక్కింది. అభినందన సభలో రామబ్రహ్మంగారు, "నిలబడేవారి కష్టం మన కంపెనీకి తెలిసినంతగా మరొకరికి తెలియదని సగర్వంగా మనవి చేస్తున్నాను" అని, చప్పట్లు ముగియకముందే కూర్చున్నారు.

నాగమణి పట్టుబట్టడంతో కిష్టయ్యను పిలిపించి ఏం కావాలని అడిగారు.

"ఒక స్టూలు ఇప్పియ్యిండ్రి సార్" అన్నాడు.

దీనిపై వేసిన కమిటీ మూడుసార్లు కూర్చుంది. యంత్రం రెండో మోడల్‌కు కూడా నిలబడటంలో అనుభవమున్న నిపుణుడు అవసరమనీ, కూర్చుంటే ఆ అనుభవం దెబ్బతింటుందనీ తేల్చింది. స్టూలుకు బదులు అద్దం కట్టిన ప్రశంసాపత్రం ఇచ్చారు. దాన్ని పెట్టుకోవడానికి చోటులేక కిష్టయ్య సాయంత్రం దాకా రిజిస్టరు కిందే మోశాడు.

మర్నాడు నాగమణి తన కుర్చీనే గేటు దగ్గరికి తోసుకుపోయింది. కిష్టయ్య రెండుసార్లు అటూ ఇటూ చూసి, అంచుమీద కూర్చున్నాడు. కాసేపటికి వెనక్కి వాలాడు. ఆమె వారం రోజులు నిలబడే పనిచేసింది. ఎందుకని మేము అడగలేదు.

ఆ వారంలోనే పరిపాలనా విభాగానికి ఇరవై మూడు ఫిర్యాదులు అందాయి. అన్నిటి సారాంశం ఒకటే: మేము వస్తున్నా గార్డు లేవడం లేదు. కుర్చీని వెనక్కి తెప్పించారు. సంతకం లేని ఫిర్యాదులను నిబంధనల ప్రకారం తీసివేయగా నాలుగు మిగిలాయి. వాటిలో ఒకటి నాది.