సహజత్వ పరీక్షలో బుచ్చవ్వ

నాటక రచయిత టీవీ రచయిత కావడమంటే మానవజాతి ఒక మెట్టు ఎక్కడమే. ఈ విషయంలో వేరే అభిప్రాయం ఉన్నవాళ్లు ఇంకా నాటకాలే రాస్తున్నారు.

కరీంనగర్ నాటక రచయిత పరశురాములు ఇరవై ఏళ్లు నాటకాలు రాశాక ఆ మెట్టు ఎక్కాడు. బీడీ కార్మికురాలి మీద ఆయన రాసిన నాటకాన్ని హైదరాబాద్‌లోని ఒక ఛానల్ సీరియల్‌గా తీస్తానంది. ఆ నాటకం డెబ్బై ప్రదర్శనల్లోనూ నాయిక హుజూరాబాద్ బుచ్చవ్వ. పగలు ఇంట్లో బీడీలు చుట్టి, సాయంత్రం స్టేజీ మీద బీడీలు చుట్టేది. (స్టేజీ మీద చుట్టినవి కూడా మర్నాడు కార్ఖానాలో అప్పగించేది. కళ వృథా కాకూడదు.)

"అక్కా, టీవీల గూడ నువ్వే," అని పరశురాములు మాటిచ్చాడు.

మాటిచ్చే ముందు ఛానల్ నియమావళి చదవకపోవడం ఆయన తప్పే. అందులో నటీనటులందరికీ సహజత్వ పరీక్ష తప్పనిసరి. సహజత్వ అధికారి కైలాసం నిక్కచ్చి మనిషి. బుచ్చవ్వ చాట ఒళ్లో పెట్టుకుని, ఆయన టీ తాగి ఫోన్ మాట్లాడేలోపు ఇరవై ఐదు బీడీల కట్ట కట్టి ముందు పెట్టింది.

ఆయన ఫారంలో ఇలా రాశారు: "బీడీ కార్మికురాలిగా నమ్మశక్యంగా లేరు. కెమెరాను వదిలేసి పని మీదే దృష్టి పెడుతున్నారు."

"ముప్పై ఏండ్ల సంది గిదే జేస్తున్న సారూ," అంది బుచ్చవ్వ.

"అదేనమ్మా ఇబ్బంది. అలవాటైపోయింది," అన్నారు కైలాసం సానుభూతిగా.

అయినా ఛానల్ ఆమెను వదులుకోలేదు. ముంబై నుంచి వచ్చే నాయికకు బీడీలు చుట్టడం నేర్పమంది. నాలుగో రోజు ఆ పోస్టూ రద్దయింది. బీడీ కనిపిస్తే తెర మీద ఆరోగ్య హెచ్చరిక వేయాలనీ, వేస్తే నాయిక చీర అంచు కనబడదనీ కథా సవరణల అధికారి మమతారాణి కనిపెట్టారు. బీడీలు అగరొత్తులయ్యాయి. అగరొత్తులు చుట్టేవాళ్ల ఇంట్లో మేడమెట్లు ఉండవు గనుక (నాయిక రోజుకోసారి మెట్లు దిగాలి, ఇది ఆరో నియమం) కార్మికురాలు కంపెనీ యజమానురాలైంది.

పరశురాములు ఒక్కసారి నోరు తెరిచాడు. "మేడం, మరి నా కథ ఏడున్నది?"

"టైటిల్ మీరు పెట్టిందే ఉంచాం కదా సార్," అన్నారు మమతారాణి. (వారం తిరగకముందే టైటిల్ మారింది.)

ఆయనకు కడుపు మండింది. ఆ మంటతోనే మూడేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టాడు. బుచ్చవ్వకు ఏం చెప్పాలన్నది మాత్రం నియమావళిలో లేదు.

అన్నీ ఒప్పేసుకుందామని మొదటి ఎపిసోడ్ రోజు హుజూరాబాద్ వెళ్లాడు. బుచ్చవ్వ బీడీల కోసం తునికాకు కత్తిరిస్తూనే టీవీ చూసింది. నాయిక మూడు నిమిషాల పాటు మెట్లు దిగింది. రచయిత పేరు అర సెకను మెరిసి ప్రకటనల్లో కలిసిపోయింది. పరశురాములుకు సిగ్గేసింది.

"ఎట్లున్నదక్కా?"

"చీరె మంచిగున్నది తమ్మీ. గిది అయిపోయినంక మనది అస్తదా?"

పరశురాములు లేచి టీవీ సౌండ్ పెంచాడు.

"గిదెవలు రాసిండ్రు?" అని అడిగింది బుచ్చవ్వ.

"తెల్వదక్కా," అన్నాడు.