వడియాల పిండి తగిలిన తీగలు

లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరైన దయాకర్ ఆ ఆదివారం పొద్దున టిఫిన్ కూడా ముట్టకుండా బేస్ గిటార్ ముందేసుకుని కూర్చున్నాడు. సాయంత్రం బొల్లారంలో పెళ్లి రిసెప్షన్. బ్యాండు నడిపే విష్ణువర్ధన్ నిన్ననే తెగేసి చెప్పాడు: "నీ బేస్ ఏందిరా, గిన్నెల లెక్క గణగణమంటది? ధమ్మని దిల్‌కు తగలాలె. రేపు సుత గిట్లనే ఉంటే వేరేటోన్ని చూసుకుంట."

తప్పంతా పాత తీగలదేనని దయాకర్ తేల్చేశాడు. వాటిని విప్పి అవతల పారేసి, ధగధగలాడే కొత్త స్టీలు తీగలు తీశాడు. అవి బారెడు పొడుగున్నాయి. వర్క్‌షాపు చెయ్యి ఊరుకుంటుందా? టేపు పెట్టి, తీగ చుట్టే మరదాకా సరిగ్గా కొలిచి, వెంట్రుకవాసి కూడా మిగలకుండా నాలుగూ కత్తిరించాడు. తన పనితనానికి తనే మురిసిపోయాడు. తీరా బిగించబోతే, మరకు చుట్టడానికి తీగేది?

"సుధా! పాత తీగలేవీ?"

"మీరు పారేశారు కదండీ! డాబా మీద సొరపాదుకి కట్టీసాను," అంది భార్య వంటింట్లోంచి.

దయాకర్ ఒక్క పరుగున డాబా ఎక్కాడు. ముడులు విప్పే ఓపికెక్కడిది? నాలుగూ కలిపి పట్టుకుని ఒక్క లాగు లాగాడు. పందిరి, పాదు, తీగలు అన్నీ కలిసి వెళ్లి, పక్కింటి ప్రేమమణి తన డాబా మీద అప్పుడే పెడుతున్న వడియాల మీద పడ్డాయి.

"అయ్యో, నా వడియాలు! కండ్లు కనవడ్తలేవా దయాకర్?"

"మాఫ్ చెయ్యి అక్కా, బ్యాండ్ల నా జాగనే పోయేటట్టుంది!"

తుడిచినకొద్దీ పిండి తీగల మెలికల్లోకి ఇంకా దిగింది. ఇక దేవుడి మీద భారం వేసి అలాగే బిగించాడు. ఎండలో స్కూటరు మీద బొల్లారం చేరేసరికి పిండి గట్టిపడింది.

వేదిక ఎక్కి తీగ మీటాడు.

ధమ్!

గట్టిపడిన పిండి గణగణను మింగేసింది. ముందు వరుసలో కూర్చున్న పెళ్లికొడుకు తాత లేచి చిందేశాడు. దయాకర్‌కు ఆనందంతో ఒళ్లు తెలియలేదు. పాట ఆగగానే విష్ణువర్ధన్ పరుగున వచ్చాడు.

"అరె, ఏం సౌండురా! నా గిటార్‌కు సుత గివే కావాలె. ఏ కంపెనీవి?"

"మా పక్కింటక్కను అడగాలె అన్నా."

మర్నాడు ప్రేమమణి మళ్లీ వడియాలు పెట్టింది. కాకులు వాలకుండా ఇద్దరు గిటారు వాళ్లు కాపలా కూర్చున్నారు.