బాయిలరు కోసం వెళ్లిన పెద్దమనుషులు

ఆ శుక్రవారం పొద్దున సాయెల్ అనుకున్న పని చాలా చిన్నది. మధ్యాహ్నం నమాజు అయ్యాక మేనమామ ముఫ్లెహ్‌ను వెంటబెట్టుకుని మేడ మీదికి వెళ్లాలి. ఇంటి యజమాని అబూ జుహైర్‌తో రెండు మాటలు మాట్లాడాలి. ఇంటిని వెచ్చబరిచే, ఇప్పుడు చెడిపోయిన బాయిలరును ఫలానా రోజు బాగుచేయిస్తానని ఆయన నోట చెప్పించాలి. కిందికి దిగివచ్చి అమ్మ కాచిన ఎర్రపప్పు చారు వేడివేడిగా తాగాలి. అంతే.

అజ్లూన్ కొండల మీద ఆ ఏడు చలి మనిషిని మనిషిగా చూడలేదు. రాతిగోడలు పగలంతా చలిని తాగి రాత్రంతా ఇంట్లోకి వదిలేవి. గోడవారన వేడినీళ్లు పారాల్సిన రేడియేటరు చచ్చిన పాములా పడి ఉండేది. సాయెల్ గరిటెతో దాని గొట్టం మీద ఎంత కొట్టినా వేడెక్కేది కాదు. సాయెల్ తల్లి కోటు మీద కోటు, మేజోళ్ల మీద మేజోళ్లు వేసుకుని తిరిగేది. ఊపిరి తీస్తుంటే ఆవిడ ఛాతీలోంచి కొలిమి తిత్తి చప్పుడు వచ్చేది. ఈ చలికాలం దాటనేమోరా అని ఆవిడ ఒక్కసారీ అనలేదు. అనకపోవడమే సాయెల్‌కు భయం.

అతను అటవీశాఖ నర్సరీలో మొక్కలు పెంచుతాడు. రోజంతా మాట్లాడని వాటితో గడపడం వల్ల మాట్లాడేవాళ్లంటే బెరుకు. బాయిలరు సంగతి అడగడానికి ఆ చలికాలంలో ఎన్నిసార్లు మెట్లెక్కాడో లెక్కలేదు. ఎక్కిన ప్రతిసారీ ముందు అబూ జుహైర్ ఆరోగ్యం అడిగేవాడు, తర్వాత ఆయన మోకాళ్లు, తర్వాత ఆలివ్ పంట. టీ తాగి, గుమ్మం దాటుతూ, చెప్పుల్లో కాళ్లు దూర్చుతూ నెమ్మదిగా అనేవాడు. “అయ్యా, ఆ బాయిలరు...”

“దేవుడు తలిస్తే రేపే, నాయనా” అనేవాడు అబూ జుహైర్ నవ్వుతూ. ఒక ఆలివ్ కాయల సీసా చేతిలో పెట్టి పంపేవాడు. సాయెల్ వంటింటి గూట్లో సీసాలు పెరిగాయి. ఇల్లు మాత్రం వెచ్చబడలేదు.

“నువ్వడిగితే అది మాట. పెద్దవాళ్లు అడిగితే అది బరువు” అని ముఫ్లెహ్ మామయ్య తేల్చాడు. “నేనూ వస్తాన్లే.”

మామయ్య వస్తానన్నది నిజమే. ఒక్కడే వస్తాననలేదు.

నమాజు అయ్యి సాయెల్ ఇంటి మలుపు తిరిగేసరికి వీధి పొడవునా కార్లు ఆగి ఉన్నాయి. కార్లలోంచి ముసలివాళ్లు దిగుతున్నారు. అందరి భుజాల మీదా జరీ అంచు నల్లటి ఉన్ని అంగీలు. గడ్డాలు దువ్వుకుని, జపమాలలు తిప్పుకుంటూ, మంచులో కొండగొర్రెల్లా నిదానంగా నడిచి వస్తున్నారు. అందరికంటే ముందు షేక్ దైఫుల్లా. ఆయన తాగకుండా కింద పెట్టిన కాఫీ కప్పుల వల్ల ఆ కొండల్లో ఎన్నో పగలు చల్లారాయి, ఎన్నో పెళ్లిళ్లు కుదిరాయి. జాహాగా, అంటే రాయబారంగా, వచ్చిన పెద్దమనుషులు కోరింది దొరికేదాకా కాఫీ ముట్టరు. ముట్టనంతసేపూ ఇంటాయన పరువు ఆ కప్పులో చల్లారుతూ ఉంటుంది.

హత్య జరిగినప్పుడు తప్ప సాయెల్ అన్ని అంగీలు ఒక్కచోట చూడలేదు.

“మామయ్యా, గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చావు” అన్నాడు సాయెల్.

“గొడ్డలి కనపడితే గోరు దానంతటదే కదులుతుందిరా. నిన్ననే కబురు పెట్టాను, కాఫీ తాగడానికి వస్తున్నామని.”

“ఎందుకొస్తున్నామో చెప్పావా?”

“కబుర్లో అది చెప్పకూడదు. మర్యాద కాదు.”

పైన తలుపు బార్లా తెరిచి ఉంది. అబూ జుహైర్ కూడా అంగీ వేసుకుని, తన తరఫు బంధువులందరినీ వరసగా నిలబెట్టి ఎదురుచూస్తున్నాడు. సెంటు వాసన, యాలకుల వాసన గుప్పుమన్నాయి. ఆయనకు ఎవరితోనూ పగ లేదు. పెళ్లి కావలసిన కూతురు మాత్రం ఉంది. ఆ సంగతి సాయెల్‌కు అప్పుడు తట్టలేదు. తనను ఆ గదిలోకి రానివ్వడమే గొప్ప అన్నట్టు గోడకు అతుక్కుని కూర్చున్నాడు.

కాఫీ వచ్చింది. షేక్ దైఫుల్లా కప్పు అందుకుని తన ముందు కింద పెట్టాడు. బయట చూరు మీది మంచు కరిగి కారుతున్న చప్పుడు వినపడింది.

షేక్ మొదలుపెట్టాడు. ముందు దేవుణ్ణి స్తుతించాడు. తర్వాత ప్రవక్తను. ఆ తర్వాత అబూ జుహైర్ తాతను, ఆయన గుర్రాన్ని, కరువు ఏడు ఆయన తెరిచిపెట్టిన గోధుమ గాదెను. మాటలు వాన కురిసినట్టు కురిశాయి. సాయెల్‌కు ఒళ్లు గగుర్పొడిచింది. ఇంత గొప్ప మాటల చివర తన బాయిలరు ఎట్లా వస్తుందా అని ఊపిరి బిగబట్టాడు.

అది రానే లేదు. తాతను అంత పొగిడాక అబూ జుహైర్ తట్టుకోలేకపోయాడు. కళ్లు తుడుచుకుని లేచి నిలబడ్డాడు.

“చాలు పెద్దాయనా. కప్పు చల్లారుతోంది. మీరు దేనికోసం వచ్చారో అది ఇచ్చేశాను. తాగండి.”

షేక్ తాగాడు. అందరూ తాగారు. సాయెల్ గుండెల మీది బరువు దిగింది. అది పూర్తిగా దిగకముందే అబూ జుహైర్ వచ్చి అతణ్ణి లేపి కౌగిలించుకున్నాడు.

“బాయిలరు వంక పెట్టుకుని ఎన్నిసార్లు మెట్లెక్కావురా. గుమ్మం దాటుతూ నసగడం చూసి నాకు అర్థం కాదనుకున్నావా? మా నజ్వా ఇక మీ పిల్లే.”

లోపలి గదిలో ఆడవాళ్లు నాలుకలాడిస్తూ సంబరంగా కేకలు పెట్టారు. మగవాళ్లు అరచేతులు చాచి ప్రార్థన చదివారు. సాయెల్ చేతులు కూడా వాటంతటవే చాచుకున్నాయి. కక్కలేక మింగలేక మామయ్య వైపు చూశాడు. మామయ్య షేక్ వైపు చూశాడు. షేక్ ఖాళీ కప్పులోకి చూసుకుంటున్నాడు.

“ఇప్పుడు కాదంటే ఆయన ముఖం ఎక్కడ పెట్టుకుంటాడు?” అని షేక్ గొణిగాడు. “ఆ తగవు తీర్చడానికి మళ్లీ మనమే రావాలి. నాకు ఈ మెట్లు పడవు.”

సాయెల్ కిందికి వచ్చేసరికి తల్లి గుమ్మంలోనే ఉంది.

“ఒప్పుకున్నాడా?”

“ఒప్పుకున్నాడు.”

“మరి ఆ కేకలేంటి, బాయిలరుకి? ఎప్పుడంటున్నాడు?”

“వేసవిలో. పెళ్లి.”

తల్లి కోటు బొత్తాలు పెట్టుకుంటూ, “అందాకా చలికి చావమనా?” అంది.

చావనవసరం లేకపోయింది. తన కూతురు కాపురం చేయబోయే ఇల్లు మరి. మర్నాడు పొద్దున్నే అబూ జుహైర్ మెకానిక్కును తీసుకుని నేలమాళిగలోకి దిగాడు. పాత బాయిలరును పీకించి, పెళ్లికొడుకు గుర్రంలా మెరుస్తున్న కొత్తదాన్ని బిగించాడు. మధ్యాహ్నానికి ఇంటి అడుగున ఏదో గుర్రుమంది. గోడల్లోని గొట్టాలు టకటకలాడాయి. ఎండిన పొలంలోకి తొలి నీరు వచ్చినట్టు రేడియేటరులోకి వేడినీళ్లు పారుతున్న చప్పుడు వినపడింది. తల్లీ కొడుకులు దాని ముందు నిలబడ్డారు. ఆవిడ ముందు ఒక జత మేజోళ్లు తీసింది. కాసేపాగి రెండో జత తీసింది. ఆ రాత్రి ఆవిడ ఛాతీలో తిత్తి చప్పుడు లేదు. సాయెల్ ఆ నిశ్శబ్దాన్ని వింటూ మెలకువగా పడుకున్నాడు.

తర్వాత ఒక సాయంత్రం నజ్వా మిఠాయి పళ్లెం పట్టుకుని దిగివచ్చింది. మందుల షాపులో పనిచేసే పిల్ల. మాట సూటిగా ఉంటుంది.

“మీరు వచ్చింది బాయిలరు కోసమే కదా?”

“అవును” అన్నాడు సాయెల్.

“నాకు తెలుసు. మీరు గరిటెతో గొట్టం మీద కొట్టే దెబ్బలు నా గదిలోకి వినపడేవి. మనసులో పిల్ల ఉన్నవాడు అట్లా కొట్టడు.” పళ్లెం బల్ల మీద పెట్టింది. “మీరు నోరు విప్పకండి. కాదనడం నా వంతు. పిల్ల ఇష్టం లేదంటే ఏ షేకూ ఏం చెయ్యలేడు.”

సాయెల్ ఆమె చేతుల వైపు చూశాడు. ఏదో అనబోయాడు. అతను మొదటి మాట వెతుక్కునేలోగా ఆమె మెట్లెక్కేసింది.

“పిల్ల బంగారం” అంది తల్లి రేడియేటరుకు వీపు ఆనించుకుని. “నువ్వే ఆలివ్ కాయవు. పిండితే గానీ ఏమీ రాదు.”

నజ్వా అన్నంత పనీ చేసింది. అబూ జుహైర్ గడ్డం కూడా దువ్వుకోకుండా ఇంట్లోనే కూర్చుండిపోయాడు. ఊరి ముందు ఇచ్చిన మాట పోయింది. ఇక ఆయనకు మిగిలిన దారి ఒక్కటే.

ఆ తర్వాతి శుక్రవారం మెట్ల మీద అంగీల చప్పుడు వినపడింది. ఈసారి పైనుంచి కిందికి. అబూ జుహైర్ తరఫు బంధువులూ, వీధిలోంచి ఇంకొందరూ. ముందు షేక్ దైఫుల్లానే. వయసులో రెండు వైపులా ఆయనే పెద్ద. చిన్న గది నిండిపోయింది. కొత్త బాయిలరు తన పని తాను చేస్తోంది. ఉన్ని అంగీల కింద ముసలివాళ్లకు చెమటలు పట్టాయి. అబూ జుహైర్ తల వంచుకుని గుమ్మం పక్కన కూర్చున్నాడు.

సాయెల్ తల్లి కాచిన కాఫీని సాయెల్ స్వయంగా పోశాడు. షేక్ కప్పు అందుకుని కింద పెట్టాడు. దేవుణ్ణి స్తుతించాడు. ప్రవక్తను స్తుతించాడు. తర్వాత సాయెల్ తాతను. ఆయన మేకల కాపరి. ఆయన గురించి ఎవరూ ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. షేక్ చెప్పాడు. తోడేలు నోట్లోంచి మేకపిల్లను లాక్కొచ్చిన రాత్రి, ఆయన చేతి మీద మిగిలిన మచ్చ, దాన్ని ఎవరికీ చూపించని ఆయన గుణం.

సాయెల్ కళ్ల ముందు గది అలుక్కుపోయినట్టయింది. తన ఒక్క మాట కోసం ఇంతమంది పెద్దలు ఎదురుచూడటం అతని జన్మలో లేదు. కప్పు మీంచి ఆవిరి తగ్గుతోంది. ముఫ్లెహ్ మామయ్య మూలనుంచి వద్దని కనుబొమలు ఎగరేస్తున్నాడు. అప్పటికే సాయెల్ నోట్లోంచి మాట వచ్చేసింది. తాత గొంతులా నిండుగా వచ్చింది.

“తాగండి పెద్దాయనా. మీరు దేనికోసం వచ్చారో అది అయిపోయినట్టే.”

అందరూ ఒక్క గుక్కలో తాగేశారు.

“దేవుడు నీకు మేలు చెయ్యాలి” అన్నాడు షేక్ మూతి తుడుచుకుని. “మాట పోయినందుకు నువ్వు క్షమించావు. కాదన్న పిల్ల, కాదనిపించుకున్న కుర్రాడు ఒకే మెట్లు వాడితే లోకం ఊరుకోదు గనక, నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేస్తానని కూడా ఒప్పుకున్నావు. ఇంత పెద్ద మనసు నేను చూడలేదు.”

వంటింట్లో గిన్నె ఏదో కింద పడింది.

అబూ జుహైర్ ఏడుస్తూ వచ్చి సాయెల్‌ను కౌగిలించుకున్నాడు. చేతిలో ఆలివ్ కాయల సీసా పెట్టాడు.

నెలాఖరున, సీసాలన్నీ అట్టపెట్టెల్లో సర్దుకుని, తల్లీ కొడుకులు ఊరి అవతల ఒక ఇల్లు చూడటానికి వెళ్లారు. తల్లి రెండు కోట్లూ వేసుకునే వచ్చింది. ఇంటాయన మంచివాడిలానే ఉన్నాడు. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు.

“బాయిలరుకేం, సింహంలా పనిచేస్తుంది” అన్నాడు.

సాయెల్ కప్పు కింద పెట్టి, లేచి వెళ్లి రేడియేటరు మీద చెయ్యి వేసి చూశాడు.