ఇక్బాల్ బేగం రెండు కళ్లు

ఆ పొద్దున ఇక్బాల్ బేగం అనుకున్న పని ఒక్కటే. ట్రాఫిక్ పెరగకముందే, కొత్తగా ఆటో నేర్చుకుంటున్న అర్జూ చేత పంజాగుట్ట చౌరస్తాలో యూటర్న్ కొట్టించాలి. ఆడవాళ్లకు ఉచితంగా ఆటో నడపడం నేర్పే సంఘం బేగంది. సంఘానికి ఉన్నది ఒకే బండి, అదీ నడిచిన రోజులకన్నా మెకానిక్ దగ్గర పడుకున్న రోజులు ఎక్కువ. ఇంకో ఆటో రాకపోతే నేర్చుకునేవాళ్లు విసిగిపోయి మళ్లీ ఇళ్లలో అంట్లు తోమడానికి వెళ్లిపోతారు. కొందరు అప్పుడే వెళ్లిపోయారు.

అందుకే పై అంతస్తు హాస్టల్లో ఉండే వంశీధర్ విరాళాల కోసం ఇంటర్నెట్లో ఒక పేజీ పెడతానంటే ఆమె సరేనంది. వంశీధర్ అమీర్‌పేటలో రెజ్యూమెలు రాస్తాడు. నిన్న కాలేజీలోంచి బయటపడ్డ కుర్రాడికి మూడేళ్ల అనుభవం అంటించి పంపడంలో అతనికి మంచి పేరుంది.

అర్జూ ఇంకా రాలేదు. ఈలోగా బేగం భర్త హాషంకి జెద్దా నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. హాషం ఫోన్‌ను చెవికి జానెడు దూరంలో పట్టుకుని విన్నాడు.

"పెండ్లాన్ని ఇడిసిపెట్టి యాడికి పోయినవ్ అని తిడుతుండు," అన్నాడు, పళ్లెంలోని ఖిచిడీ వంక చూసుకుంటూ. "ఇంట్లనే ఉన్న అంటే నమ్ముతలేడు. ఇంటర్నెట్ల రాసి ఉన్నదంట."

బేగం మెట్లెక్కి వంశీధర్ తలుపు బాదింది. కంప్యూటర్ తెర మీద ఆమె ఫొటో ఉంది. కింద రాత ఉంది. భర్త వదిలేశాడు, ఏడ్చి ఏడ్చి ఒక కన్ను పోయింది, రెండో కన్ను పోయేలోగా ఆదుకోండి.

"నా కన్ను ఎప్పుడు పోయింది బేటా?"

"ఆంటీ, అనుభవం లేకపోతే ఇంటర్వ్యూకి పిలవరు. కన్నీళ్లు లేకపోతే విరాళం ఇవ్వరు. రెంటికీ పద్ధతి ఒకటేనండి."

"నిజం రాస్తే ఏమైతది?"

"ఎవరు చదువుతారండి? చూడండి, పంజాగుట్ట సాఫ్ట్‌వేర్ కంపెనీ సేవా కమిటీ వాళ్లు అప్పుడే మీతో ఫోన్లో మాట్లాడారు కూడా."

"నాతోని ఎవరు మాట్లాడలే."

వంశీధర్ గొంతు తగ్గించాడు. ఫోన్ ఇంటర్వ్యూలో ఒకరి బదులు ఇంకొకరు కూర్చుని జవాబులు చెప్పడం అతని దుకాణంలో మామూలే. పక్క హాస్టల్ సుమశ్రీ ఆ పనిలో ఆరితేరింది. బేగం పేరుతో ఆమే మాట్లాడింది. యాస కాకినాడదే అయినా ఏడుపు మాత్రం అద్భుతంగా ఏడ్చింది. కమిటీ పెద్ద జానకీదేవి ఎంత కదిలిపోయిందంటే, కంటి డాక్టరును వెంటబెట్టుకుని ఇవాళే వస్తానంది.

"మీరేం మాట్లాడొద్దాంటీ. కంటికి కట్టుతో మంచం మీద పడుకోండి, చాలు. అంకుల్ గారు సాయంత్రం దాకా ఎర్రగడ్డ రైతుబజార్లో తిరిగొస్తారు." అప్పటికే అతని చేతిలో దూదిచుట్ట ఉంది.

"కంటికి కట్టు కట్టిన డ్రైవర్ ఆటో రేపు ఎవరెక్కుతరు?" బేగం తాళం చెవి తీసుకుంది. "అర్జూ యూటర్న్ రేపు చూద్దం. నేనే పోయి ఆళ్లను తీస్కొస్త."

"ఆంటీ, చేతికొచ్చిన బండి పోతుంది."

"పోతే పోనీ. నేను అడుక్కునుడు నేర్పిస్తలేను, ఆటో నేర్పిస్తున్న."

వంశీధర్ బతిమాలుతూ డ్రైవర్ సీటు పక్కనే ఇరుక్కుని కూర్చున్నాడు. కంపెనీ గేటు ముందు జానకీదేవి, డాక్టర్ అచ్యుతరావు ఆటో కోసమే చూస్తున్నారు.

"అమీర్‌పేట వస్తారా? ఇక్బాల్ బేగం అని, పాపం, ఒక కన్ను లేనావిడ. ఆవిడ ఇంటికి," అంది జానకీదేవి.

"ఆమెనే నడుపుతుంది. కూసోండ్రి."

ఒక కాలు ఆటోలో పెట్టిన డాక్టరు రెండో కాలు నేల మీదే ఉంచేశాడు.

"ఫికర్ చెయ్యకున్రి డాక్టర్ సాబ్. రెండు కండ్లు మంచిగనే ఉన్నయి. పరీక్ష చేస్తరా? జర ఆగున్రి, గా బస్సు పోనియ్యున్రి."

బస్సు వెనకే ఆటోను సందులోంచి దూర్చి, అద్దంలో జానకీదేవిని చూస్తూ చెప్పేసింది.

"నా మొగుడు ఇంట్ల ఖిచిడీ తింటుండు. ఫోన్ల ఏడ్చింది నేను కాదు. నాకు లేనిది ఇంకో ఆటో ఒక్కటే. ఇస్తె ఇయ్యున్రి, లేకుంటే మీటర్ పైసలిచ్చి దిగున్రి."

వంశీధర్ కళ్లు మూసుకున్నాడు.

"ఈ నెలలో నాకొచ్చిన నాలుగో ఒంటికన్ను ఇది," అంది జానకీదేవి. "అన్నీ అమీర్‌పేట నుంచే. నాలుగు సంఘాల పేజీల్లోనూ రెండో కన్ను పోయేలోగా ఆదుకోమనే ఉంది. డాక్టరు గారిని తెచ్చింది మందు వెయ్యడానికి కాదండీ, అబద్ధం పట్టుకోవడానికి."

బేగం పక్కకు తిరిగి చూసింది.

"రెజ్యూమెలు కూడా ఒకటే నమూనాలో పంపుతామండి," అన్నాడు వంశీధర్ సన్నగా. "ఎప్పుడూ ఎవరూ అడగలేదు."

"మిగతా ముగ్గురూ కట్లు కట్టుకునే పడుకున్నారు," అంది జానకీదేవి. "ఎదురొచ్చి చెప్పింది మీరొక్కరే. ఇందాక నాతో అన్న మాటలే పేజీలో పెట్టండి. రేపు కమిటీకి చూపిస్తాను."

బేగం వాళ్లిద్దరినీ కంపెనీ గేటు దగ్గర దించి, ఆటోను సరాసరి ఒక ఇంటర్నెట్ సెంటర్ ముందు ఆపింది. వంశీధర్ చేత తను చెప్పింది చెప్పినట్టు కొట్టించింది. నాకు రెండు కండ్లున్నయి. మొగుడున్నడు. ఏడ్వనీకి టైం లేదు. ఆడోళ్లకు నేర్పనీకి ఆటో కావాలె. చివర్లో ఒక్క కన్నీటి బొట్టయినా వెయ్యాలని వంశీధర్ వేళ్లు లాగాయి కానీ, పేజీ ఎక్కేదాకా ఆమె కుర్చీలోంచి లేవలేదు.

కమిటీ ఒప్పుకుంది. కొత్త ఆటో వచ్చింది, వెళ్లిపోయినవాళ్లు తిరిగొచ్చారు. బండి వెనక కంపెనీ పేరు రాయించాలన్నది కమిటీ పెట్టిన ఒకే ఒక షరతు. బేగం రాయించింది, తన ఫోన్ నంబరు కింద, అంతకంటే చిన్న అక్షరాల్లో.