నాలుగో నంబరు పొట్లం

ఆ ఆదివారం పొద్దున కాటా వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా ఘాటుగా కూరగాయల అన్నం వండాలి, మామగారికి గిన్నెడు పెట్టాలి, ఆయన పన్నెండు గంటల బస్సు ఎక్కకుండా చూడాలి. మామగారి సంచి అప్పటికే సర్దుకుని, గుమ్మం పక్కన చెప్పులకు తోడుగా కూర్చుంది.

కాటాకి అసలు పేరు ఒకటుంది గానీ ఇంట్లో ఎవరూ వాడరు. మందుల షాపులో ఇరవై ఏళ్ళుగా పొడులు తూచి పొట్లాలు కట్టీ కట్టీ, ఇంట్లో టీలోకి పంచదార కూడా తూచే వేసుకుంటాడు. భార్య ఆఫీసు శిక్షణకని పదిహేను రోజులు వేరే ఊరు వెళుతూ తండ్రిని ఇతనికి అప్పగించింది. వచ్చిన రోజు నుంచీ మామగారికి ముక్కు దిబ్బడ. గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు వస్తోంది. ఏది వండి పెట్టినా ఆయనది ఒకటే మాట. "చప్పగా ఉందోయ్ అల్లుడూ." చివరికి ఓపిక నశించి, చిన్నకూతురి ఇంటికి పోతానని ప్రకటించారు.

ఆ సంగతి ఫోనులో విన్న భార్య కేకలేం వెయ్యలేదు. "రేపు ఒంటిగంటకల్లా వచ్చేస్తున్నా. నేనొచ్చేసరికి మా నాన్న ఇంట్లో ఉండాలి. లేకపోతే మీరెక్కడుంటారో మీరే చూసుకోండి," అంది అంతే.

అందుకే పొద్దున్నే అక్కకి ఫోను చేశాడు.

"పది నిమిషాల పని రా! మూకుట్లో నూనె కాగాక జీలకర్ర వెయ్యి, ముక్కలు వేయించు, ఉప్పు, పసుపు, కారం కాస్త దిట్టంగా, ఆఖర్న మసాలా పొడి. అన్నం వేసి కలిపెయ్. అయిపోయింది."

"కాస్త దిట్టంగా అంటే ఎన్ని గ్రాములే అక్కా?"

"అందాజగా వెయ్యరా నాయనా!"

"అందాజగా నేను మందులిస్తే మా షాపుకి వచ్చినవాళ్ళు మళ్ళీ రారు."

"ఏం, కోపమొస్తుందా?"

"ఉండరు."

అక్క ఫోను పెట్టేసింది. కాటా తన లెక్క తనే వేసుకున్నాడు. బీన్సు, క్యారెట్టు ఒకే పొడుగున కోశాడు. జీలకర్ర, ఉప్పు, పసుపు, కారం, మసాలా విడివిడిగా తూచి తెల్లకాగితంలో పొట్లాలు కట్టి, మూకుట్లో పడాల్సిన వరసలో ఒకటి నుంచి ఐదు దాకా నంబర్లు వేశాడు. కారం నాలుగో నంబరు, ఆరు గ్రాములు. గట్టు మీద చోటు లేక ఐదింటినీ తెచ్చి భోజనాల బల్ల మీదున్న పళ్ళెంలో పెట్టాడు. చాలా తృప్తిగా అనిపించింది.

ఆ పళ్ళెంలో అప్పటికే రెండు పొట్లాలున్నాయి. మామగారికి అరుగుదల సరిగ్గా లేదని శొంఠి, వాము కలిపి కాటాయే కట్టి పెట్టిన ఐదు రోజుల మందు అది. ఏ రోజు ఏది వేసుకోవాలో పొరపాటు పడకుండా వాటికీ నంబర్లున్నాయి. మూడు రోజులు గడిచాయి. మిగిలినవి నాలుగు, ఐదు.

కాటా ఒకటో నంబరు తీసుకెళ్ళి మూకుట్లో వేశాడు. జీలకర్ర చిటపటలాడింది. రెండు వేశాడు, మూడు వేశాడు. ముక్కలు వేగుతుండగా మామగారు స్నానం చేసి వచ్చారు. కళ్ళజోడు లేదు. పళ్ళెంలో వెతికి, నాలుగో రోజు గనక నాలుగో నంబరు తీసి, తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని, అలవాటు ప్రకారం మొత్తం నోట్లో ఒంపుకుని నీళ్ళతో గటగటా మింగేశారు.

సరిగ్గా అప్పుడే కాటా వచ్చాడు. పళ్ళెంలో ఒకే ఒక్క నాలుగు కనిపించింది. మామగారు తనది వేసుకున్నారు, మిగిలింది నాదే అనుకుని పట్టుకెళ్ళి మూకుట్లో ఒంపాడు. కారం ఇంత మట్టిరంగులో ఉందేమిటా అని అనుమానం వచ్చింది. నూనెలో మాడి ఉంటుందిలే అని సరిపెట్టుకుని అన్నం వేసి కలిపాడు.

అప్పుడు వినిపించింది కేక. అది మాట కాదు.

కాటా పరుగున వచ్చేసరికి మామగారి ముఖం కందగడ్డలా ఉంది. కళ్ళ నుంచి ధారలు. నోరు తెరిచి, నాలుగు వేళ్ళు చూపించి గాలిలో ఆడిస్తున్నారు.

"నాలుగింటి నుంచీ ఇలాగే ఉందా మామయ్యా?"

మామగారు అడ్డంగా తల ఊపి, మళ్ళీ నాలుగు వేళ్ళు చూపించారు.

"నలుగురిని పిలవాలా?"

పిలవక్కర్లేకపోయింది. ఆ కేకకి పై వాటాలో ఉండే రిటైర్డ్ నర్సమ్మ మెట్లు దిగి వచ్చేసింది. "ఏం మింగారు?"

"అరుగుదల పొడండీ. శొంఠి, వాము, అంతే. నేనే తూచాను."

"శొంఠికి ఇలా అవుతారటయ్యా మనిషి? ముందు చల్లటి పాలు తీసుకురా."

"ఎన్ని మిల్లీలీటర్లు?"

"గ్లాసుడు తేవయ్యా బాబూ!"

పాలు తాగుతున్న మామగారి చేతిలోంచి కాగితం కింద పడింది. దాని మడతల్లో ఎర్రగా ఉంది. కాటా దాన్ని చూశాడు, మూకుడు కేసి చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు. మామగారు ఇక చిన్నకూతురి ఇంటికి కాదు, తిన్నగా పోలీసు స్టేషనుకే వెళ్తారనిపించింది.

"అమ్మా, ఈయన కారం వేసుకున్నారు. ఈయన మందు అన్నంలో కలిసిపోయింది."

నర్సమ్మ వంటింట్లోకి తొంగి చూసింది. "అయితే ఆ అన్నం ఈయనకే పెట్టు. కారం ఎలాగూ ముందే వెళ్ళింది. లోపల కలుసుకుంటాయి."

ఇంతలో మామగారు తుమ్మారు. ఒకటి, రెండు, మొత్తం పదకొండు. ఆయన నెమ్మదిగా ముక్కుతో గాలి పీల్చి, "ఏమిటోయ్ ఆ కమ్మటి వాసన?" అన్నారు. గొంతు డబ్బాలోంచి బయటికొచ్చింది.

కాటా గిన్నెడు పెట్టాడు. ఆయన అది ఖాళీ చేసి ఇంకో గిన్నె అడిగారు. "పదిహేను రోజులకి రుచి తెలిసిందోయ్! నీ వంటే బాగాలేదనుకున్నాను సుమా." తర్వాత లేచి ఫ్రిజ్ తెరిచి, నిన్నటి సూపు వాసన చూసి, "అనుకోవడం కాదు, నిజమే," అని మూత పెట్టేశారు.

పన్నెండు గంటల బస్సు ఆయన లేకుండానే పోయింది. ఒంటిగంటకి వచ్చిన కూతురికి సంచిలోంచి చొక్కాలు తీసి అలమరలో పెట్టుకుంటున్న తండ్రి కనిపించాడు. ఆమె మొహం విప్పారింది. ఆమె చేతులు కడుక్కుని వచ్చి, మిగిలిన అన్నం రెండు ముద్దలు తింది.

"బాగుందండీ. కానీ కారమేదీ?"

మామగారే అందుకున్నారు. "కారం ఇందులో ఉండదమ్మా. ముందు విడిగా నీళ్ళతో వేసుకోవాలి. మీ ఆయన పద్ధతే వేరు. ఇంకో రెండు నెలలు ఇక్కడే ఉండి ఒళ్ళు బాగుచేసుకుంటాను." ఆయన బల్ల దగ్గరికి వెళ్ళి పళ్ళెం ముందుకు లాగారు. "అవునూ, రేపు ఐదో రోజు కదా. ఇక్కడ ఐదులు రెండున్నాయి. నాది ఏదోయ్?"

ఆ మట్టిరంగు అనుమానంలో పడి మసాలా వెయ్యనే లేదని కాటాకి అప్పుడు గుర్తొచ్చింది. రెండు పొట్లాలూ విప్పాడు. రెండూ ఒకే రంగు. వాసన చూశాడు. పదిహేను రోజులు మామగారి పక్కన కూర్చున్న ఫలితమో ఏమో, తన ముక్కు దిబ్బడేసింది. ఇరవై ఏళ్ళుగా గ్రాము తేడా రానివ్వని మనిషి రెండు పొట్లాలూ మడిచి మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు.

"అందాజగా ఏదో ఒకటి వేసుకోండి మామయ్యా."