నాలో ఎమ్మెట్ రక్తం

"ఇకపై మన కౌంటీలో తండ్రెవరో తెలియని బిడ్డ ఉండడు!" అని కమిషనర్ డెల్బర్ట్ క్రౌలీ గారు ప్రకటించగానే, ఒహాయోలోని ఆ చిన్న ఊరి మైదానం చప్పట్లతో మోగిపోయింది. అందరికన్నా గట్టిగా కొట్టింది షానా. ఆమె పక్కన పిల్లల బండిలో ఏడాది కొడుకు మైకా ఉన్నాడు. వాడికి చెవులు వినబడవు. ఆపరేషన్ చేస్తే వినబడతాయట. వాడి తండ్రని షానా చెప్పే డారెల్‌కి ఫ్యాక్టరీ ఇచ్చిన ఇన్సూరెన్సులో వాడి పేరు ఎక్కితే ఆపరేషన్ అవుతుంది. డారెలేమో, "డీఎన్ఏ పరీక్షలో నా బిడ్డని తేలనీ, ఆ రోజే సంతకం పెడతా" అంటూ తప్పించుకు తిరుగుతున్నాడు. కౌంటీ ఆఫీసులో పరీక్షకు షానా వంతు ఎప్పటికీ రాదు. ఇప్పుడు కమిషనర్ గారి పథకంతో పరీక్షే మైదానానికి వచ్చింది.

మొదటి శాంపిల్ కమిషనర్ గారిదీ, వాళ్ల నాన్న ఎమ్మెట్ గారిదీ. ఎమ్మెట్ గారు ఒకప్పటి కమిషనర్. కోర్టు ముందు ఆయన కంచు విగ్రహం ఉంది. కొడుకు ప్రతి ఎన్నికలోనూ "నాలో ఎమ్మెట్ రక్తం" అనే ఒక్క నినాదంతోనే గెలిచారు. రోడ్లు గుంతలు పడ్డా రక్తం మాత్రం చెడలేదు కదా అని జనం ఓట్లేస్తూ వచ్చారు.

ముందు వరసలో 'యాపిల్ పై' మిఠాయి తింటున్న కమిషనర్ గారి తల్లి ఐలీన్ ఒక్కతే అడ్డం పడింది.

"ఒరేయ్ డెల్బర్ట్, ఈ వయసులో మీ నాన్న నోట్లో పుల్లలెందుకురా?"

"ఆదర్శం అమ్మా, ఆదర్శం!"

"ఆ ఆదర్శమేదో నీ ఒక్కడి నోటితో సరిపెట్టరాదూ?"

నర్సు దూదిపుల్ల తీసింది. "సార్, నోట్లో సాసుంది. పుక్కిలించండి."

"కెమెరాలు రానీ."

పుక్కిలించడం కూడా టీవీలో వచ్చింది. చెంప లోపల పుల్ల తిరుగుతున్నా ఆయన ప్రసంగం ఆపలేదు. ఒక్క ముక్క అర్థం కాలేదు. చప్పట్లు మాత్రం రోజూకన్నా ఎక్కువే పడ్డాయి.

"మరి మేం సార్?" అంది షానా.

"సార్ ఫలితం వచ్చాకే మిగతావాళ్లు. ప్రోటోకాల్!" అన్నాడు సహాయకుడు.

"అంతటి ఆయనే నోరు తెరిచాడు, నాకేం సిగ్గు? వస్తా" అన్నాడు డారెల్. షానా ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

ఫలితం రోజున అదే మైదానం, దానికి తోడు బ్యాండు మేళం. ల్యాబు డాక్టరమ్మ మైకు దగ్గరకు రాకుండా, కమిషనర్ గారి చెవిలో ఏదో చెప్పింది.

"మళ్లీ చూడండి."

"మళ్లీ మళ్లీ చూశాం సార్."

చక్రాల కుర్చీలోంచి ఎమ్మెట్ గారు అరిచారు. "ఏమైందిరా? పాసయ్యావా?"

ఐలీన్ తల వంచుకుని తన 'యాపిల్ పై' తింటోంది.

కమిషనర్ గారు సామాన్యులు కారు. గ్లాసెడు నీళ్లు తాగేలోపే కొత్త విధానం తయారైంది.

"సోదరులారా! పౌరుల నోళ్లలో ప్రభుత్వం పుల్లలు పెట్టడమా? మన స్వేచ్ఛ ఏం కావాలి? ఈ పథకం ఈ క్షణమే రద్దు!"

మళ్లీ చప్పట్లు. వెనక బ్యానరు మీద 'రక్తం' పైన సహాయకుడు కాగితం అంటించి 'ఆశయం' అని రాశాడు.

షానా బిడ్డనెత్తుకుని వేదికెక్కింది. "సార్, మరి మా వాడి సంగతి?"

కమిషనర్ గారు మైకాను అందుకుని, కెమెరా వైపు తిరిగి ముద్దు పెట్టారు. "ఏం అమ్మాయ్, తండ్రెవరో తేలకపోతే మనిషి బతకడా?"

"విన్నావుగా" అని డారెల్ టోపీ సర్దుకుని గేటు వైపు నడిచాడు. "నాదీ ఆయన మాటే."

"పాసయ్యావా లేదా? ఎవరూ చెప్పరేం?" అని ఎమ్మెట్ గారు గొంతు చించుకున్నారు.

ఆ అరుపుకి మైదానమంతా తల తిప్పి చూసింది. మైకా తప్ప.