రేగడిపాడులో ఎవరికీ జబ్బు లేదు

రాష్ట్రంలోకెల్లా ఆరోగ్యవంతమైన గ్రామంగా మా రేగడిపాడును ప్రభుత్వం ఎంపిక చేసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఈ వార్తను పేపరుకు పంపింది నేనే. నేను ఊళ్లో బడిపంతుల్ని, తీరిక దొరికినప్పుడు విలేకరిని. మా ఊరి పేరు మొదటి పేజీలో పడటం ఇది రెండోసారి. మొదటిసారి బస్సు బోల్తా పడినప్పుడు పడింది.

ఎంపిక ఎలా జరిగిందో పాఠకులకు చెప్పాలి. ఆరోగ్యశాఖ మంత్రిగారు గుంటూరులో సమీక్షా సమావేశం పెట్టారు. పట్నంలో ఆసుపత్రుల ముందు రోజూ తిరనాళ్లలాగా జనం ఉంటున్నారనీ, మంచాలు చాలక వరండాల్లో చాపలు వేస్తున్నారనీ అధికారులు చదువుతుంటే మంత్రిగారి మొహం చిన్నబోయింది. తర్వాత పల్లెటూళ్ల వంతు వచ్చింది. రేగడిపాడు ప్రైమరీ హెల్త్ సెంటర్, పదకొండు నెలల్లో వచ్చిన రోగులు సున్న.

"సున్నా?" అన్నారు మంత్రిగారు.

"సున్నే సార్," అన్నారు జిల్లా వైద్యాధికారి, సంజాయిషీ చెప్పుకోవడానికి లేచి నిలబడుతూ.

"ఒక్కడికైనా జ్వరం రాలేదా?"

"రిజిస్టరులో లేదు సార్."

మంత్రిగారు సంతోషం పట్టలేక బల్ల చరిచారు. "అదయ్యా పల్లెటూరంటే! మంచి గాలి, మంచి నీళ్లు, ఒళ్లొంచి పని. అక్కడ డాక్టరెవరు? ముందు ఆయన్ని నాకు చూపించండి."

డాక్టర్ జయరావుగారిని చూపించడం కష్టం కాలేదు. ఆయన గుంటూరులోనే, తన సొంత క్లినిక్‌లో ఉన్నారు. నీ రహస్యం ఏమిటయ్యా అని మంత్రిగారు అడిగితే, "రేగడిపాడులో నేను మందుల మీద ఆధారపడలేదు సార్" అని వినయంగా చెప్పారట. ఆ మాటలో వెతికినా అబద్ధం దొరకదు. పధ్నాలుగో తేదీన మంత్రిగారు స్వయంగా మా ఊరు వచ్చి 'ఆరోగ్య జ్యోతి' బహుమతి ఇస్తారని ఆ సాయంత్రమే ప్రకటించారు.

పదో తేదీన జయరావుగారు రేగడిపాడులో బస్సు దిగారు. దిగి, ఎదురుగా కనిపించిన నన్ను "ఇక్కడ హెల్త్ సెంటర్ ఎటండీ?" అని అడిగారు. అంత పేరు తెచ్చుకున్న మనిషి దారి అడగడానికి నామోషీ పడకపోవడం నాకెంతో నచ్చింది. వెంటబెట్టుకుని తీసుకెళ్లాను. తలుపు తీస్తే లోపల మా పంచాయతీ ప్రెసిడెంటుగారి పత్తి కప్పుదాకా ఉంది. మంచం మీద పరుపు లేదుగానీ, వంద పరుపులకు సరిపడా సరుకు ఉంది. తాళంచెవి ప్రెసిడెంటుగారి దగ్గర ఉండటంతో, కాంపౌండర్ బుల్లయ్య పదకొండు నెలలుగా తన ఇంటి వసారాలోనే జనానికి బిళ్లలిచ్చి పంపిస్తున్నాడు. రిజిస్టరు మాత్రం పత్తి కింద భద్రంగా ఉంది.

రెండు రోజుల్లో అంతా మారిపోయింది. పత్తిని బడిలోకి చేరవేశారు. నేను బడికి సెలవిచ్చాను. సెంటరుకు సున్నం కొట్టారు. గుంటూరు నుంచి అద్దాల బీరువా, దాన్నిండా మందులూ వచ్చాయి. ఏ మందు ఎన్ని సీసాలున్నాయో లిస్టు టైపు చేయించి బీరువా అద్దానికి అంటించారు. అంతకుముందు ఊళ్లో ఎవరూ చూడని సూది మందులు అద్దంలోంచి కనిపిస్తుంటే, ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని వచ్చి చూసి వెళ్లారు.

పార్టీ కార్యకర్త గౌస్ బాషా కృషిని చెప్పకపోతే అన్యాయమవుతుంది. అతను ఊరంతా టముకు వేయించాడు. "పధ్నాలుగో తారీకు సాయంత్రం దాకా ఊళ్లో ఎవరికీ ఏ జబ్బూ రాకూడదహో! దగ్గొచ్చినోళ్లు చేలోకి పోయి దగ్గాలహో! తట్టుకోలేనోళ్లు గుంటూరులో చుట్టాలింటికి పోవాలహో!"

టముకు విని జైతున్‌బీ తన ఇంట్లోంచి గబగబా బయటికొచ్చింది. "ఒరేయ్ బాషా, మా కోడలికి నెలలు నిండినయ్. పధ్నాలుగున నొప్పులొస్తే ఏం జెయ్యమంటావ్?"

"కానుపు జబ్బు కాదులే పిన్నీ. కాకపోతే కేకలెయ్యకూడదు."

"నువ్వెప్పుడన్నా కన్నావంట్రా?" అందామె. పరిపాలనలో ఇలాంటి చిన్న చిన్న విమర్శలు తప్పవు.

పదమూడో తేదీ పొద్దున పదిగంటలకు ఏసోబు పడిపోయాడు.

ఆ ఏడు పత్తికి తెల్లదోమ పట్టింది. జనం ఏ మందు పనిచేస్తుందో తెలియక రెండు మూడు మందులు కలిపి కొడుతున్నారు. ఏసోబు ప్రెసిడెంటుగారి చేలో కూలికి మందు కొట్టేవాడు. చేత్తోనే కలిపేవాడు, గాలికి ఎదురు నడిచేవాడు. అతని భార్య ఎలీసమ్మ బండి మీద తెచ్చి సెంటరు ముందు దించేసరికి నోటి వెంట నురగ కారుతోంది. ఒంటి మీద చెమట ధారలు కడుతోంది. కండలు వాటంతటవే అదురుతున్నాయి.

జయరావుగారు కనురెప్ప ఎత్తి ఒక్కసారి చూశారు. ఆయన గొప్ప డాక్టరని నాకు అప్పుడే తెలిసింది. "పురుగుమందు లోపలికి పోయింది. విరుగుడుకు అట్రోపిన్ సూది పడాలి, వెంటనే," అన్నారు. బుల్లయ్య బీరువా తలుపు మీద చెయ్యి వేశాడు.

"ఆగు," అన్నారు డాక్టరుగారు.

బుల్లయ్య ఆగాడు.

"ఇతన్ని చూస్తే రిజిస్టరులో రాయాలి. రాస్తే సున్న ఒకటవుతుంది. మంత్రిగారు రేపు వస్తున్నారు."

"రాయబాకండి సారూ," అంది ఎలీసమ్మ ఆయన కాళ్ల దగ్గర కూలబడి. "సూదేస్తే చాలు. ఎవురితోనూ చెప్పను. నా బిడ్డల మీద ఒట్టు."

"రాయకుండా సూది వెయ్యడం ఇర్రెగ్యులర్ అమ్మా."

"అయితే రాయండి!"

"రాయడానికే కదమ్మా వీల్లేనిది."

బుల్లయ్య గొంతు తగ్గించాడు. "ఒక్క నాలుగు సీసాలు ఇటివ్వండి సార్. మా వసారాలో వేస్తాను. అక్కడ రిజిస్టరు లేదు."

"ఇరవై నాలుగున్నాయని లిస్టు అంటించాం కదయ్యా. రేపు మంత్రిగారు లెక్కపెడితే?"

"మంత్రిగారు సీసాలు లెక్కపెడతారా సార్?"

"పెట్టకపోవచ్చు. పెడితే?"

ఇంతటి ముందుచూపు నేనెక్కడా చూడలేదు. ఈ మాటల మధ్య ఏసోబు రెండుసార్లు కక్కుకున్నాడు. చివరికి దారి చూపించింది గౌస్ బాషానే. రేపటి షామియానాల కోసం పార్టీ జీపు గుంటూరు వెళుతోంది. ఏసోబును అందులో ఎక్కించవచ్చు. అయితే దారిలో అధికారులు ఎదురుపడే అవకాశం ఉంది కనక, మనిషి నిటారుగా కూర్చోవాలి. గౌస్ బాషా తన భుజం మీది పార్టీ కండువా తీసి ఏసోబు మెడలో వేశాడు. ఎలీసమ్మ ఒక పక్కన, నేను ఒక పక్కన పట్టుకుని కూర్చున్నాం.

బుల్లయ్య జీపు వెంట నాలుగడుగులు పరుగెత్తి ఎలీసమ్మకు ఒక సలహా చెప్పాడు. "అక్కడ ఏ ఊరంటే గుంటూరేనని చెప్పు. మీ మరిదిగారింటి అడ్రసు రాయించు." ఇది మావైపు అలవాటు. పల్లెటూరి వాళ్లమంటే పక్కన కూర్చోబెడతారనీ, టౌను అడ్రసు చెబితే ముందు చూస్తారనీ మాకో నమ్మకం. ఎవరు మొదలుపెట్టారో తెలియదుగానీ గుంటూరులో చుట్టం లేనివాడు మా ఊళ్లో జబ్బు పడటానికే భయపడతాడు.

గుంటూరు రెండున్నర గంటల దారి. జీపుకు మైకు ఉంది. మైకు ఉన్నాక ప్రచారం చెయ్యకపోతే పార్టీ ఊరుకోదు. దారిలో ఏడు ఊళ్లు టూర్ ప్రోగ్రాములో ఉన్నాయి. ప్రతి ఊళ్లోనూ జీపు ఆపి, "రోగమన్నది ఎరగని రేగడిపాడు! ఆరోగ్యానికి చిరునామా రేగడిపాడు! రేపు తరలి రండి!" అని గౌస్ బాషా చెబుతున్నాడు. అతని వెనక సీట్లో ఏసోబు ఊపిరి కోసం ఎగపోస్తున్నాడు.

"బాషా, నీకు దణ్ణం పెడతా, ఆపబాకయ్యా," అంది ఎలీసమ్మ.

"అయిపోయిందమ్మా, ఇంకొక్క ఊరే," అన్నాడతను. ఈ మాట ప్రతి ఊళ్లోనూ అన్నాడు.

నాలుగో ఊళ్లో కాఫీ హోటలు ముందు ఒక పెద్దమనిషి జీపులోకి తొంగి చూశాడు. "ఎవరయ్యా ఆ కండువా ఆయన? తాగాడా?"

"నాయకులండీ. ప్రజల కోసం తిరిగి తిరిగి అలిసిపోయారు," అన్నాడు గౌస్ బాషా.

పెద్దమనిషి ఏసోబుకు నమస్కారం పెట్టాడు. ఏసోబు తిరిగి పెట్టలేదు. నాయకులు అంతేలెమ్మని ఆయన సర్దుకున్నాడు.

గుంటూరు చేరేసరికి మూడు దాటింది. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ ఊరూ అడగలేదు, పేరూ అడగలేదు. చూసీ చూడగానే సూది వేసింది. ఒకదాని తర్వాత ఒకటి, ఎన్ని వేసిందో నేను లెక్కపెట్టలేకపోయాను. ఆ తర్వాతే గుమస్తా వచ్చి అడ్రసు అడిగాడు. ఎలీసమ్మ బుల్లయ్య చెప్పినట్టే మరిదిగారిల్లు రాయించింది. డాక్టరమ్మ ఆ కాగితం చూసి మండిపడింది.

"ఊళ్లోనే ఉంటూ ఇప్పుడా తెచ్చేది? ఆటో ఎక్కితే పది నిమిషాలు కదా! పొద్దున్నే ఈ సూది పడి ఉంటే లేచి కూర్చునేవాడు. మనుషులా మీరు?"

ఎలీసమ్మ తల వంచుకుంది. నేనూ వంచుకున్నాను. నాకు చెప్పలేనంత సిగ్గేసింది. జేబులో నోట్‌బుక్ ఉందిగానీ తియ్యడానికి చెయ్యి రాలేదు.

పధ్నాలుగో తేదీ తెల్లవారేసరికి ఏసోబు పోయాడు.

మా ఊరి వైపు ఖాళీగా వస్తున్న ఒక లారీ అతన్నీ మమ్మల్నీ తెచ్చింది. ఊరి మొదట్లో మంత్రిగారి కోసం కట్టిన స్వాగత ద్వారం దగ్గర గౌస్ బాషా, ప్రెసిడెంటుగారు లారీని ఆపారు. గౌస్ బాషా, ఏసోబు ఒకప్పుడు నా బళ్లో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్లు. అతను దుప్పటి తొలగించి మొహం చూసి ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. కళ్లు తుడుచుకుని, "మీటింగయ్యే దాకా ఇక్కడే ఉంచండి" అన్నాడు.

ప్రెసిడెంటుగారు ఇంకో చిక్కు చెప్పారు. శవం ఊళ్లో పాతిపెడితే పంచాయతీ చావుల పుస్తకంలో ఎక్కించాలి. ఈ నెల చావులు లేవని పొద్దున్నే సంతకం పెట్టి పంపించేశారు. సంతకం పెట్టాక మనిషి చనిపోవడం పద్ధతి కాదని ఆయన బాధ.

ఎలీసమ్మ ద్వారం పక్కన నేల మీద దుప్పటి పరిచి అతన్ని పడుకోబెట్టించింది. ఏసోబు వాళ్ల పల్లెలోంచి తెల్లచీరలు కట్టుకున్న ఆడవాళ్లు, వాళ్లతోపాటు పాస్టరుగారు వచ్చి చుట్టూ కూర్చుని పాట ఎత్తుకున్నారు. సరిగ్గా అప్పుడే మంత్రిగారి కార్లు వచ్చాయి.

మంత్రిగారు కారు ఆపించి దిగారు. కళ్లు మూసుకుని చరణమంతా విన్నారు. "ఎంత బాగా పాడారమ్మా! స్వాగతానికి ఇంతమంది వస్తారనుకోలేదు," అన్నారు. కళ్లు తెరిచాక దుప్పటి కనిపించింది. "ఇదేమిటి?"

జయరావుగారు ఒక్క అంగలో ముందుకొచ్చారు. "గుంటూరు మనిషండీ. టౌనులో పోయాడు. ఆసుపత్రి కాగితం కూడా ఉంది సార్."

మంత్రిగారు ఆ కాగితం తీసుకుని అడ్రసు చదివారు. ఆయన కళ్లు చెమర్చాయి. "చూశారా! టౌనులో బతికినవాడు చచ్చాకైనా ఇలాంటి ఊళ్లో ఉండాలనుకున్నాడు." ప్రెసిడెంటుగారు చిక్కు విన్నవించుకుంటే, అక్కడికక్కడే తీర్చేశారు. "పరాయి ఊరివాడు కాబట్టి మీ లెక్కలోకి రాడు. మాకు ఇక్కడ చోటిప్పించండని ఆ అమ్మాయి చేత ఒక దరఖాస్తు పెట్టించండి. స్పెషల్ కేసుగా శాంక్షన్ చేస్తాను."

కార్లు వెళ్లిపోయాయి. కాసేపటికి మైకులో మంత్రిగారి గొంతు ద్వారం దాకా వినిపించింది. జబ్బులన్నీ పట్నంలో ఉంటే డాక్టర్లను పల్లెల్లో ఉంచడం ఏం న్యాయమని ఆయన అడిగారు. డాక్టర్ జయరావు సేవలు ఇకపై గుంటూరు ప్రజలకు అందుతాయనీ, అద్దాల బీరువాను కూడా ఆయనతోనే పంపుతున్నామనీ ప్రకటించారు. చప్పట్లు చాలాసేపు మోగాయి.

ఊళ్లో ఎవరి అర్జీ అయినా రాసేది నేనే కనక ఆ దరఖాస్తు కూడా నా మీద పడింది. మోకాలి మీద కాగితం పెట్టుకుని రాశాను. రాశాక ఎలీసమ్మ చదవమంది.

"మంత్రిగారి దివ్యసముఖమునకు. గుంటూరు వాస్తవ్యుడైన నా భర్త ఏసోబుకు మీ రేగడిపాడు గ్రామంలో ఆరడుగుల చోటు దయచేయించవలసిందిగా..."

"మీ రేగడిపాడా?"

"అలాగే రాయాలన్నారమ్మా."

ఆమె ఏసోబు కాళ్ల వైపు చూసింది. పాదాలకు చేలోని నల్లమట్టి ఇంకా అంటుకునే ఉంది. కొంగు తడిపి తుడవడం మొదలుపెట్టింది.

"మరి నన్ను ఏ ఊరని రాశారు మాస్టారూ?"

"నిన్ను రేగడిపాడనే రాశాను."

"అయితే నేను బాగున్నట్టే గదా," అంది. నా చేతిలోంచి కాగితం తీసుకుని, వేలిముద్ర ఎక్కడ వెయ్యాలో చూపించమంది.